‘ఇంకో ఆరు నెలలుంటేనా!’

శ్రీలంకలో మన సైన్యం చేసిన యుద్ధం మాట ఎత్తితే చాలు, ఒక కథ గడగడా వినిపిస్తుంది. మన జవాన్లు జాఫ్నాను గెలిచారు, తమిళ పులులను (ఎల్టీటీఈ) ఉత్తరాన వన్నీ అడవుల్లోకి తరిమారు, ఇక వాళ్ల నాయకుడు ప్రభాకరన్ పట్టుబడడమే తరువాయి. సరిగ్గా అప్పుడే ఢిల్లీలో గద్దె మారింది, కొత్తగా వచ్చిన ప్రధాని వీపీ సింగ్ సైన్యాన్ని వెనక్కి రప్పించారు, చేతికందిన గెలుపు జారిపోయింది, ఆ తప్పుకు శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్యతో దేశం మూల్యం చెల్లించింది. టీవీ చర్చల్లో మాజీ సైనికాధికారులు చెప్పేది ఇదే, పత్రికల్లో వ్యూహ నిపుణులు రాసేదీ ఇదే. అప్పటి కమాండర్లలో కొందరూ ఇదే ధోరణిలో మాట్లాడారు. ఇంకో ఆరు నెలలు ఉండనిచ్చి ఉంటే పని పూర్తయ్యేదట.

కథ బాగుంది. వింటుంటే ఛాతీ ఉప్పొంగుతుంది. సైనికుడికి గౌరవం, రాజకీయ నాయకుడికి తిట్లు, మనకు ఊరట. మన దేశంలో ఇంత సులువుగా చెల్లుబాటయ్యే సరుకు ఇంకొకటి లేదు. కాకపోతే తేదీల దగ్గరే తిరకాసు మొదలవుతుంది.

సైన్యాన్ని వెనక్కి పిలిచింది వీపీ సింగా? 1989 జూన్ 1న శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస, జూలై నెలాఖరుకల్లా భారత సైన్యం తమ దేశం విడిచి వెళ్లాలని బహిరంగంగా కోరారు. జూలై 29న ఒక దళం వెనుదిరిగింది. సెప్టెంబర్ 18న రెండు ప్రభుత్వాలూ ఒక అంగీకారానికి వచ్చి, ఆ ఏడాది చివరికి ఉపసంహరణ ముగించాలని గడువు పెట్టుకున్నాయి. ఆ రోజున ప్రధాని రాజీవ్ గాంధీ. విదేశాంగ మంత్రి మన పీవీ నరసింహారావు. ఎన్టీ రామారావు చైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చింది డిసెంబర్ 2న. చివరి దళం ట్రింకోమలీ రేవు విడిచింది 1990 మార్చి 24న, అంటే రాజీవ్ ఒప్పుకున్న గడువు దాటిన దాదాపు మూడు నెలలకు. ఈ లెక్కన వీపీ సింగ్‌ను నిందించాల్సి వస్తే ఆలస్యం చేశారని నిందించాలి గానీ, తొందరపడ్డారని కాదు. పంపినవారే తప్పు తెలుసుకుని రప్పించడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవారు దాన్ని ముగించారు. అంతే.

పోనీ, ఎవరు పిలిచారన్నది వదిలేద్దాం. గెలవబోయామన్న మాటైనా నిజమా?

1987 జూలై 29న రాజీవ్, అప్పటి శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడు వీడ్కోలు గౌరవ వందనంలోనే శ్రీలంక నావికుడొకడు తుపాకీ మడమ ఎత్తి రాజీవ్‌ను కొట్టాడు. ఒప్పందం మీద దక్షిణాన సింహళీయుల కోపం ఏ స్థాయిలో ఉందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఉత్తరాన పరిస్థితి వేరు. సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ పదాతి దళ డివిజన్ ముందుగా జాఫ్నాలో దిగింది. ప్రజలు పూలదండలతో ఎదురొచ్చారు. దళానికి ఇచ్చిన పని పులుల చేత ఆయుధాలు అప్పగింపజేయడం, రెండు పక్షాల మధ్య నిలబడడం. ఆ శాంతిసేనే రెండున్నర నెలలు తిరక్కముందు, అక్టోబర్ 10న, జాఫ్నా మీదికి యుద్ధానికి కదిలింది. పేరు ఆపరేషన్ పవన్.

ఈ రెండున్నర నెలల్లో ఏం జరిగిందో ‘ఆరు నెలల’ వాదులు ఎప్పుడూ చెప్పరు. ఒప్పందం మీద సంతకం చేసినవి రెండు ప్రభుత్వాలు. ఆయుధాలు దించాల్సిన పులులు అందులో పక్షమే కాదు. ప్రభాకరన్‌ను ఢిల్లీ పిలిపించి, అశోకా హోటల్లో ఉంచి, ఒప్పించామనుకున్నారు. ఆయన ఆగస్టు 4న సుదుమలై సభలో తన అయిష్టాన్ని దాచుకోలేదు. మర్నాడు నామమాత్రంగా కొన్ని తుపాకులు అప్పగించారు. సెప్టెంబర్‌లో పులుల నాయకుడు తిలీపన్ నల్లూరులో మంచినీళ్లు కూడా ముట్టకుండా నిరాహార దీక్ష చేసి, 26న చనిపోయాడు. ఆ తర్వాత సముద్రంలో శ్రీలంక నౌకాదళానికి చిక్కిన పులుల నాయకులు పులేంద్రన్, కుమారప్ప తదితరులను కొలంబో తీసుకెళ్లడానికి ప్రయత్నిస్తే, అక్టోబర్ 5న పలాలిలో సైనైడ్ మింగారు. మన సైన్యం ఆ స్థావరంలోనే ఉంది, ఆపలేకపోయింది. వీటిలో ప్రతిదీ రాజకీయం తేల్చాల్సిన సమస్య. దేన్నీ తేల్చకుండా, చివరికి ఫిరంగులకు అప్పగించారు.

అక్టోబర్ 11 రాత్రి జరిగింది చూడండి. జాఫ్నా విశ్వవిద్యాలయ ఆవరణలో పులుల కార్యాలయం ఉందని, అక్కడ హెలికాప్టర్ల నుంచి దిగి నాయకత్వాన్ని పట్టేయాలని పథకం. పారా కమాండోలు, వెనుక 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు దిగాలి. మన వైర్‌లెస్ సంభాషణలు పులులు వింటూనే ఉన్నారు. మైదానం చుట్టూ కాచుకుని కూర్చున్నారు. సిఖ్ దళంలో 30 మంది దిగేసరికి హెలికాప్టర్ల మీద కాల్పులు ముమ్మరమయ్యాయి. మిగిలిన వాళ్లను దించడం సాధ్యం కాలేదు. ఆ 30 మంది రాత్రంతా, తెల్లారాక కూడా పోరాడారు. 29 మంది చనిపోయారు. ఒకరు బందీగా దొరికారు. వాళ్ల ధైర్యం గురించి ఎవరూ రెండో మాట అనలేరు. కానీ వాళ్లను ఆ మైదానంలో దింపిన సమాచారం ఎవరిది? సరైన మ్యాపులు కూడా లేకుండా దిగామని అధికారులే తర్వాత చెప్పుకున్నారు. మరోవైపు, 1983 నుంచి తమిళ సాయుధ దళాలకు శిక్షణ ఇచ్చి, ఆయుధాలిచ్చింది మన గూఢచారి సంస్థ ‘రా’. అంటే మన పద్ధతులు వాళ్లకు కరతలామలకం. వాళ్ల సంగతి మన జవాన్లకు తెలియదు.

జాఫ్నా పట్టణం దక్కింది, నిజమే. పులులు పట్టణం వదిలి పల్లెల్లోకి, అడవుల్లోకి జారుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లు మందుపాతరలు, మాటువేసి కాల్చడాలు, గస్తీ దళాల మీద దాడులు. ఒక డివిజన్‌తో మొదలై నాలుగు డివిజన్లకు పెరిగింది సైన్యం. గరిష్ఠంగా 70 వేల పైచిలుకు మంది అక్కడ ఉన్నారు. ముల్లైత్తీవు అడవుల్లో ప్రభాకరన్ స్థావరం కోసం నెలల తరబడి గాలింపు సాగింది. దొరకలేదు. దాదాపు 1,200 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు, వేలమంది గాయపడ్డారు. మన సైన్యం అక్కడ ఉన్నది 32 నెలలు. అంటే అందులో అయిదు ‘ఆరు నెలలు’ ఇమిడి ఉన్నాయి. ఆ అయిదింటిలో కాని పని ఆరోదాంట్లో ఏ మంత్రంతో అయ్యేదో ఈ నిపుణులు ఒక్కరూ విప్పి చెప్పరు.

‘ముగించడం’ అంటే ఏమిటో తర్వాత చరిత్రే చూపించింది. ఆ పని శ్రీలంక సైన్యం 2006లో మొదలుపెట్టి 2009 మేలో పూర్తిచేసింది. సొంత గడ్డ, సొంత ప్రభుత్వం, లక్షల సైన్యం, సముద్ర మార్గాల దిగ్బంధం, పులుల్లో చీలిక ఇన్ని కలిసొచ్చినా దాదాపు మూడేళ్లు పట్టింది. చివరి నెలల్లోనే 40 వేల దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. పౌరులను కవచంగా పెట్టుకున్న పాపం పులులది, వాళ్ల మీద గుళ్లు కురిపించిన పాపం కొలంబోది. అదే పని 1990లో పరాయి సైన్యంగా మనం చేయాల్సిందని కోరుకునేవారు, ఆ 40 వేల అంకె పక్కన సంతకం పెట్టడానికీ సిద్ధపడాలి.

ఇక్కడే రెండో వాదన వస్తుంది: మన సైన్యాన్ని చేతులు కట్టేసి పంపారని. మర్యాదగా యుద్ధం చేశారు కాబట్టే గెలవలేదట.

1987 అక్టోబర్ 21. ఆ రోజు దీపావళి. జాఫ్నా ఆస్పత్రి దగ్గర పులులు కొందరు చేరారు. వెళ్లిపొమ్మని డాక్టర్లు బతిమాలారు. సాయంత్రానికి మన దళం ఆస్పత్రిలోకి ప్రవేశించింది. లోపలి నుంచి కాల్పులు వచ్చాయని, ఎదురుకాల్పుల్లోనే చనిపోయారని సైన్యం వివరణ. బతికి బయటపడిన సిబ్బంది చెప్పింది వేరు: రేడియాలజీ విభాగంలో ఒకరి మీద ఒకరు నక్కి కూర్చున్న రోగుల మీద, సిబ్బంది మీద తుపాకులు పేలాయి, రాత్రంతా శవాల మధ్య కదలకుండా పడుకున్నవాళ్లే మిగిలారు, మర్నాడు ఉదయం చేతులెత్తి, మేం డాక్టర్లం అని అరుస్తూ వచ్చిన వైద్యుడినీ కాల్చారు. అరవై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో 21 మంది ఆస్పత్రి సిబ్బంది. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో పులులు గస్తీ దళం మీద దాడి చేసి ఆరుగురు జవాన్లను చంపితే, ఆ తర్వాత ఊళ్లో చనిపోయిన పౌరులు కూడా దాదాపు అరవై మందే. కట్టేసిన చేతులు చేసే పనులు కావివి.

ఇవన్నీ పులుల ప్రచారమని కొట్టిపారేయడం సులువు. జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ విభాగం అధిపతి రజని తిరణగమ తన సహచరులతో కలిసి ఈ సంగతులు పోగుచేసి ‘ది బ్రోకెన్ పామైరా’ పుస్తకం రాశారు. అందులో భారత సైన్యం చేసినవీ ఉన్నాయి, పులులు చేసినవీ ఉన్నాయి. 1989 సెప్టెంబర్ 21న సైకిల్ మీద ఇంటికి వస్తుంటే ఆమెను కాల్చి చంపారు. చంపింది పులులేనని ఆమె సహచరుల నమ్మకం. పులులకు వంత పాడే మనిషి అయితే ఆ చావు వచ్చేది కాదు.

1987 జూలైలో దండలు వేసిన చేతులు, 1989 వచ్చేసరికి మన దళం బండి కనిపిస్తే తలుపులు మూసుకునేవి. ఏ ప్రజల రక్షణ కోసం వెళ్లామో ఆ ప్రజలు మనల్ని చూసి భయపడడం మొదలయ్యాక, ఇంకెన్ని డివిజన్లు పంపితే మాత్రం గెలుపు వస్తుంది?

దక్షిణాన సంగతి మరీ విచిత్రం. భారత సైన్యం ఉనికినే ఆయుధంగా చేసుకుని జేవీపీ అనే వామపక్ష పార్టీ సింహళ యువకులను తిరుగుబాటుకు రెచ్చగొట్టింది. ఆ తిరుగుబాటులో, దాని అణచివేతలో వేలమంది పోయారు. భారత సైన్యాన్ని పంపేస్తానని చెప్పే ప్రేమదాస 1988 డిసెంబర్‌లో గెలిచారు. గెలిచాక పులులతో చర్చలు పెట్టుకున్నారు, అంతటితో ఆగక మన సైన్యం మీద వాడుకోవడానికి ఆయుధాలూ ఇప్పించారు. ఇది తర్వాత శ్రీలంకలోనే బయటపడిన సంగతి. మన జవాన్ల మీద పేలిన తూటాల్లో కొన్ని ఢిల్లీ ఇచ్చినవి, కొన్ని కొలంబో ఇచ్చినవి. ఏ దేశం పిలిస్తే వెళ్లామో ఆ దేశాధ్యక్షుడే వెళ్లిపొమ్మన్నాక, ఉండడాన్ని శాంతి పరిరక్షణ అనరు, ఆక్రమణ అంటారు. ‘ఇంకో ఆరు నెలలు’ అన్నవారికి ఈ చిన్న చిక్కు ఎందుకో తోచదు. ఎవరి అనుమతితో ఉండేవాళ్లం?

కొంచెం జాగ్రత్తగా మాట్లాడే వారు మూడో దారి పడతారు. గెలవలేదు సరే, కానీ వృథా కాలేదు అంటారు. తమిళానికి అధికార భాష హోదా, రాష్ట్రాల మండళ్లు, ఉత్తర తూర్పు ప్రాంతాల విలీనం, ట్రింకోమలీ రేవు మనకు వ్యతిరేకంగా ఎవరి చేతికీ పోకుండా హామీ, అక్కడి చమురు ట్యాంకుల మీద మాట, విదేశీ రేడియో కేంద్రాల మీద అదుపు. ఈ జాబితా నిజమే. దీన్ని గౌరవంగా చూడాలి కూడా. అయితే దాని మీద తేదీ ఉంది: 1987 జూలై 29. అన్నీ ఒప్పందంలో, రాజీవ్, జయవర్ధనే ఇచ్చిపుచ్చుకున్న లేఖల్లో ఉన్నాయి. నవంబర్‌లో 13వ రాజ్యాంగ సవరణ వచ్చింది కూడా ఆ ఒప్పందం మేరకే. జమ పద్దులో ఉన్నదంతా కలంతో వచ్చింది. ఖర్చు పద్దులో ఉన్నదంతా తుపాకితో పోయింది. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని సమర్థించడం లెక్కల మోసం.

మరి యుద్ధం తన సొంతంగా ఏం తెచ్చింది? 1988 నవంబర్‌లో మన సైన్యం కాపలాలో ఉత్తర తూర్పు మండలికి ఎన్నికలు జరిగాయి. ఉత్తరాన పోటీ చేసేవాళ్లే లేరు. పులులకు ప్రత్యర్థి అయిన తమిళ సంస్థ ఈపీఆర్ఎల్ఎఫ్ ఏకగ్రీవంగా గెలిచింది. వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనకు కాపు కాయడానికి తమిళ జాతీయ సైన్యం అని ఒకటి తయారుచేశారు. కుర్రాళ్లను రోడ్ల మీద పట్టుకుని బలవంతంగా చేర్చిన సైన్యం అది. మనం సర్దుకోవడం మొదలుపెట్టగానే పులులు దాన్ని ఊడ్చేసి, మనం ఇచ్చిన ఆయుధాలు పట్టుకుపోయారు. 1990 మార్చి 1న పెరుమాళ్ స్వతంత్ర తమిళ ఈలం ప్రకటించి, భారత్‌కు వచ్చేశారు. ఆ జూన్ 19న ఈపీఆర్ఎల్ఎఫ్ నాయకుడు పద్మనాభను, ఆయన సహచరులను పులులు మద్రాసు నడిబొడ్డునే చంపారు. యుద్ధం తెచ్చిన ప్రభుత్వం ఆయుష్షు పదహారు నెలలు కూడా లేదు.

ఒప్పందం తెచ్చిన ఉత్తర తూర్పు ప్రాంతాల విలీనాన్ని 2006లో శ్రీలంక సుప్రీంకోర్టు రద్దు చేసింది. భూమి, పోలీసు అధికారాలు మండళ్లకు ఎన్నడూ చేతికి రాలేదు. ఉత్తర మండలికి ఎన్నికలు 2013లో జరిగాయి, ఆ సభ గడువు 2018లో ముగిసింది. ట్రింకోమలీ చమురు ట్యాంకుల మీద గట్టి ఒప్పందం కుదిరింది 2022 జనవరిలో, బేరసారాలతో. ఒక్క తూటా పేలకుండా. మనం కాచుకున్నామనుకున్న ద్వీపంలోనే హంబన్‌తోట రేవు 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా సంస్థకు పోయింది. 70 వేల సైన్యం 32 నెలలు ఉండి ఆపగలిగింది ఏమిటో ఎవరైనా చెప్పగలిగితే వినాలని ఉంది.

1971ని ముందు పెట్టి వాదించేవారు కొందరున్నారు. ఆ పోలిక వాళ్లకే ఎదురు తిరుగుతుంది. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది; మార్చి మధ్యకల్లా మన సైన్యం బంగ్లాదేశ్ ఖాళీ చేసింది. 1988 నవంబర్‌లో మాల్దీవుల కుట్రను రాత్రికి రాత్రి భగ్నం చేసింది ఇదే సైన్యం, ఇదే ప్రధాని హయాంలో. పని ఏమిటో తెలుసు, ఎవరి తరఫున వెళ్లామో తెలుసు, ఎప్పుడు రావాలో తెలుసు. శ్రీలంకలో ఈ మూడూ తెలియవు. సైన్యం సామర్థ్యంలో తేడా లేదు. పంపినవారి బుర్రలో ఉంది.

ఇక రాజీవ్ హత్య. 1991 మే 21 సాయంత్రం విశాఖపట్నంలో ప్రచారం ముగించుకున్నారు. విమానంలో లోపం రావడంతో బయల్దేరడం ఆలస్యమైంది. బాగుచేశాక మద్రాసు వెళ్లారు. రాత్రి పది దాటాక శ్రీపెరుంబుదూరులో బాంబు పేలింది. సైన్యాన్ని వెనక్కి రప్పించకపోతే ఇది జరిగేది కాదన్నది ఆరు నెలల వాదుల చివరి అస్త్రం. 1999లో సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పు చెబుతూ హత్యకు మూలకారణంగా చూపింది సైన్యం తిరిగి రావడాన్ని కాదు. సైన్యాన్ని పంపినందుకు పులులు పెంచుకున్న పగను, రాజీవ్ మళ్లీ ప్రధాని అయితే మళ్లీ పంపుతారేమోనన్న భయాన్ని. హంతకులకు సాకు ఉంటుంది, క్షమాపణ ఉండదు. ఆ హత్య నీచమే. కానీ ఆ పగ పుట్టింది 1987 అక్టోబర్‌లో. 1990 మార్చిలో కాదు.

చివరగా, ఈ మాటలన్నీ అమరులను అవమానించడమేనని గద్దించేవారున్నారు. అవమానం జరిగింది, కాదనను. తిరిగొచ్చిన దళాలకు స్వాగతం పలకడానికి ముఖ్యమంత్రి కరుణానిధి మద్రాసు రేవుకు వెళ్లలేదు. సైనికుడు యుద్ధాన్ని ఎంచుకోడు. అతని మీద చూపించాల్సిన కోపం కాదది. పరమవీర చక్ర మేజర్ రామస్వామి పరమేశ్వరన్ సహా చనిపోయినవారి పేర్లు చెక్కిన స్మారకం కొలంబో శివారులో కట్టించింది శ్రీలంక ప్రభుత్వం. అయితే అంతకంటే పెద్ద అవమానం ఆ ‘ఆరు నెలల’ కథలో ఉంది. మ్యాపు లేకుండా, శత్రువు ఎవరో చెప్పకుండా, రాజకీయం తేల్చకుండా పంపినవారిని అది చల్లగా వదిలేస్తుంది. 54వ డివిజన్‌కు నాయకత్వం వహించిన మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ తన పుస్తకంలో ఒక సంగతి రాశారు: చర్చలకు పిలిచి ప్రభాకరన్‌ను కాల్చేయమని కొలంబోలోని భారత హైకమిషనర్ చెప్పారని, తాను ఒప్పుకోలేదని. ఆ హైకమిషనర్ జేఎన్ దీక్షిత్. ఢిల్లీ, కొలంబో, క్షేత్రంలోని దళం మూడు దిక్కులుగా నడిచాయనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఈ పోరులో తప్పు ఎక్కడ జరిగిందో తేల్చకుండా గెలవబోయామని చెప్పుకుంటే, రేపు ఇంకో పొరుగుదేశానికి ఇంకో డివిజన్ ఇదే తీరున బయల్దేరుతుంది.

యుద్ధాలు, సైనిక చర్యల రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బహిరంగపరచాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. ఆపరేషన్ పవన్‌కు ఆ గడువు ఎప్పుడో దాటింది. ఆరు నెలల కథ మీకు ఇంకా నమ్మబుద్ధయితే, మీ పార్లమెంటు సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. ఆ కాగితాలు బయట పెట్టమని సభలో అడగమనండి. సికింద్రాబాద్ నుంచి వెళ్లి తిరిగిరాని జవాన్ల కుటుంబాలకు ఆ మాత్రం చూసే హక్కుంది.